పాత రైఫిలు, కొత్త చిరునామా



మణికొండలో సాయంత్రం నలుగురు ఒకచోట చేరితే ముందు భూముల ధరలు వస్తాయి, తర్వాత ట్రాఫిక్కు, ఆ తర్వాత అమెరికా వీసాలు. ఈ మూడూ అయిపోయాక కొందరు గొంతు కాస్త తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో వేట రైఫిలు చవకగా దొరుకుతుందా? లైసెన్సు ఎట్ల తీసుకోవాలె?" అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. మొయినాబాద్ వైపో శంకరపల్లి వైపో అర ఎకరం ఫామ్‌హౌసు కొన్నవారు, ఊళ్ళో మక్కచేను అడవి పందుల పాలవుతున్నదని నాన్న ఫోనులో వాపోతే విన్నవారు, ఆదివారం సినిమాలో హీరో చేతిలో రైఫిలు చూసి మనసు పడ్డవారు.

ఈ ప్రశ్నలో మూడు మాటలున్నాయి: చవక, వేట, లైసెన్సు. మనవాళ్ళు చవక దగ్గర మొదలుపెడతారు. చట్టం మొదలుపెట్టేది వేట దగ్గర, అంటే "ఎందుకు?" దగ్గర. ఆ ప్రశ్నకు సరైన జవాబు లేనివారికి రైఫిలు ఉచితంగా ఇచ్చినా పనికిరాదు.

ముందు వేట సంగతి చూద్దాం. హైదరాబాద్‌కు వేట కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరుమోసినవాడు. ఇవాళ మనం పిల్లల్ని జింకలు చూపించడానికి తీసుకెళ్ళే వనస్థలిపురం హరిణ వనస్థలి కూడా ఒకప్పుడు నిజాముల షికారు భూమే. అయితే 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో ఆ చట్టం కింద కూడా కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చేవారు. 1991 సవరణతో ఆ తలుపు కూడా మూసేశారు. కాబట్టి వినోదం కోసం వేట అన్నది ఈ దేశంలో లేదు. కుందేలు కొట్టినా నేరమే, కౌజు కొట్టినా నేరమే. చేతిలో తుపాకి లైసెన్సు ఉన్నా సరే. తుపాకి లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికి ఇచ్చే అనుమతి, అంతే. దాన్ని జంతువు మీద ఎక్కుపెట్టడానికి వేరే చట్టం, వేరే అధికారి.

మరి అడవి పందులో? ఇక్కడ రైతు బాధ నిజం. రాత్రికి రాత్రి మంద దిగితే మక్కజొన్న, పల్లి, వరి దేన్నీ వదలవు. వన్యప్రాణి చట్టం 11వ సెక్షను దీనికి ఒక దారి ఉంచింది. మనుషుల ప్రాణాలకో, నిలిచి ఉన్న పంటకో ముప్పు తెచ్చే జంతువుల్లో కొన్నింటిని చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అప్పుడు కూడా కాల్చేది చేను యజమాని కాదు, అటవీ శాఖ తన జాబితాలో పెట్టుకున్న షూటర్. హైదరాబాద్‌కు చెందిన నవాబ్ షఫత్ అలీ ఖాన్ పేరు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. బీహార్‌లోని మొకామాలో నీల్‌గాయ్‌ల కోసం 2016లో వెళ్ళింది ఆయన బృందమే. 2018 నవంబరులో మహారాష్ట్ర యవత్మాల్ అడవుల్లో అవని అనే ఆడపులిని కాల్చింది ఆయన కుమారుడు అస్గర్ అలీ ఖాన్. ప్రభుత్వమే పిలిచి పెట్టుకున్న ఆ పనిమీద కూడా ఎంత రచ్చ జరిగిందో, ఎన్ని విచారణలు నడిచాయో గుర్తు చేసుకోండి. ఫామ్‌హౌసు గేటు దగ్గర నిలబడి తన ఇష్టం మీద కాల్చేవాడి గతి వేరే చెప్పాలా?

ఇంకో ముచ్చట. పంట కాపలాకు రైఫిలు అసలు తగిన ఆయుధమే కాదు. 1959 ఆయుధాల చట్టం రాసినవారికి ఆ ఇంగితం ఉంది. పంట రక్షణ కోసం అడిగేవారికి ఆ చట్టం చెప్పింది మూతి నుంచి మందు కూరే తుపాకి, మనవైపు బర్మార్ అంటారు, అది. దానితో పని జరగదని అధికారి నమ్మితే 12 బోరు లాంటి నున్నని గొట్టపు తుపాకి. రైఫిలు ఊసే లేదు. కారణం తెలుసుకోవడం తేలిక. 12 బోరు తుపాకి గుళ్ళు కొద్ది దూరం పోగానే వేగం కోల్పోతాయి. రైఫిలు తూటా గురి తప్పితే కిలోమీటరు దాటి కూడా ప్రాణం తీస్తుంది. ఒకప్పుడు మొయినాబాద్ పొలాల మధ్య కిలోమీటరు ఖాళీ ఉండేదేమో. ఇప్పుడు అంతటా విల్లాలే.

ఇక లైసెన్సు. కమిషనరేట్ ఉన్నచోట జిల్లా మేజిస్ట్రేట్ అధికారం పోలీసు కమిషనర్‌ది. మణికొండవాసి సైబరాబాద్ పోలీసు కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం దరఖాస్తు ఫారం ఏ-1. దానితో గుర్తింపు, చిరునామా రుజువులు, శారీరకంగా మానసికంగా ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతాననే హామీ పత్రం, తుపాకి వాడకంలో భద్రతా శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం. తర్వాత పోలీసు విచారణ. స్థానిక స్టేషను నుంచి వచ్చి మీ గురించి ఇరుగుపొరుగును అడుగుతారు, మీ మీద ఏమైనా కేసులున్నాయా అని ఆరా తీస్తారు. వయసు 21 నిండాలి. లైసెన్సు వస్తే 5 ఏళ్ళు చెల్లుతుంది. 2019 సవరణకు ముందు అది 3 ఏళ్ళే. అదే సవరణ ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది.

ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని కూడా చట్టంలో ఉంది, చాలామందికి తెలియదు. నాకు ఆ వాక్యం నచ్చుతుంది. అయితే ప్రజల శాంతికి, భద్రతకు మంచిది కాదనిపిస్తే నిరాకరించే అధికారం ఉంది. కారణం రాసి పెట్టాలి, మీరు పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. తుపాకి లైసెన్సు ప్రాథమిక హక్కు కాదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి కాబట్టి, ఫారంలో "ఎందుకు కావాలి" అన్న గడిలో "వేట కోసం" అని రాసినవాడు తన దరఖాస్తును తానే చింపుకున్నట్టు. "రియల్ ఎస్టేట్ చేస్తాను, పరువు కోసం" అన్నది మనసులో ఉన్నా ఎవరూ రాయరు గానీ, విచారణకు వచ్చిన ఎస్సైకి అర్థమవుతుంది. నిజమైన ప్రాణభయం ఉంటే దానికి ఆధారం చూపించాలి. క్రీడ కోసమైతే క్లబ్బు, పోటీల రికార్డు చూపించాలి.

మణికొండవారికి ప్రత్యేకంగా ఒక చిక్కు. వన్యప్రాణి చట్టం 34వ సెక్షను ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి లేకుండా కొత్త తుపాకి లైసెన్సు ఇవ్వకూడదు. జాతీయ ఉద్యానవనాలకూ ఇదే వర్తిస్తుంది. మన పక్కన అభయారణ్యం ఎక్కడుందండీ అంటారా? జూబిలీహిల్స్‌లో పొద్దున్నే నడకకు వెళ్ళే కేబీఆర్ పార్కు కాగితాల మీద కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం. మణికొండ నుంచి రోడ్డు మీద పోతే గంట పట్టవచ్చు గానీ, గీత గీసి కొలిస్తే పది కిలోమీటర్లకు చాలా లోపలే. సిగ్నళ్ళ దగ్గర అరిగిపోయే మన రోజుల్లో అక్కడి నెమలి మన పొరుగుదని ఎవరికి గుర్తుంటుంది? చట్టానికి గుర్తుంది.

అద్దె ఇళ్ళవారికి మరో చిక్కు. తుపాకి చిరునామాతో ముడిపడిన వస్తువు. పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసి పుప్పాలగూడ నుంచి నల్లగండ్లకు, అక్కడి నుంచి బెంగళూరుకు మారే ఉద్యోగి ప్రతిసారీ పాలప్యాకెట్ చిరునామా మార్చినట్టు దీన్ని మార్చలేడు. కొత్తచోట లైసెన్సు అధికారికి తెలియజేసి నమోదు చేయించుకోవాలి. ఇంట్లో తాళం వేసిన ఇనుప పెట్టె ఉండాలి, తుపాకి ఒకచోట, తూటాలు మరోచోట. పిల్లలు, పనిమనిషి, వంటమనిషి, డ్రైవరు వచ్చిపోయే ఫ్లాట్‌లో ఇది మాటలతో అయ్యే పని కాదు. ఎన్నికల నియమావళి వచ్చిందంటే ఆయుధాలు పోలీసు స్టేషనులో అప్పగించమని కబురు వస్తుంది. మనదేమో ఎన్నికలకు కొరత లేని దేశం.

ఇవన్నీ దాటి లైసెన్సు చేతికి వచ్చిందనుకుందాం. ఇప్పుడు చవక మాట. మన దగ్గర పాత తుపాకి పాతబడినకొద్దీ ధర తగ్గదు. 1980ల మధ్య నుంచి మామూలు మనుషులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం ఆగిపోయింది. పేరున్న షూటర్లకు మాత్రం మినహాయింపు. దాంతో అంతకుముందు దేశంలోకి వచ్చిన మౌజర్లు, విన్‌చెస్టర్లు, హాలండ్ అండ్ హాలండ్‌లే చేతులు మారుతూ ఉంటాయి. సరుకు పెరగదు, కోరేవారు పెరుగుతారు, ధర ఆకాశాన్ని తాకుతుంది. అంత పెట్టి కొన్నా, వాటిలో కొన్ని బోర్లకు తూటా దొరకదు. తూటా లేని తుపాకి గోడకు అలంకారం, అది కూడా పోలీసు రికార్డుల్లో ఉండే అలంకారం.

అందుబాటు ధరలో రైఫిలు కావాలనుకున్నవారు చివరికి చేరేది 315 బోరు దగ్గరికే. పశ్చిమ బెంగాల్ ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ. 2021 అక్టోబరు నుంచి ఆ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీలో భాగం. ఈ 315 వెనుక మంచి కథ ఉంది. అప్పట్లో సైన్యం వాడేది 303. పౌరుల చేతిలో అదే బోరు ఉంటే సైన్యం తూటాలు దొంగిలించి వాడుకుంటారని బ్రిటిష్ ప్రభుత్వానికి భయం. అందుకని లీ ఎన్‌ఫీల్డ్ యంత్రాంగమే పెట్టి, తూటా మాత్రం వేరేది, ఆస్ట్రియా మన్లిషర్ నాటి 8 మిల్లీమీటర్ల తూటా పెట్టారు. తెల్లదొరల అనుమానంతో పుట్టిన ఆ బోరు వాళ్ళు పోయాక కూడా మన దగ్గర నిలిచిపోయింది. 303, 7.62, 9 మిల్లీమీటర్లు ఇప్పటికీ నిషిద్ధ బోర్లే. ఎవరైనా "తాతల నాటి 303, చవకగా ఇస్తా" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పాత రైఫిలు చూసేటప్పుడు మొదటి పని బోల్టు వెనక్కి లాగి ఛాంబరు ఖాళీగా ఉందో లేదో చూడటం. అమ్మేవాడు ఖాళీయేనని చెప్పినా, దుకాణదారు చూశానన్నా, మీరు చూడాలి. రెండో పని నంబరు. గొట్టం మీద చెక్కిన నంబరు, లైసెన్సులో ఉన్న నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి. బోల్టు మీది నంబరు కూడా దానితో కలిస్తే మరీ మంచిది, వేరే రైఫిలు బోల్టు తెచ్చి తగిలించలేదని నమ్మకం. నంబరు దగ్గర గీకిన గుర్తు, మళ్ళీ చెక్కిన ఆనవాలు కనిపిస్తే బేరం అక్కడితో సరి.

తర్వాత బోల్టు తీసేసి గొట్టం లోపలికి వెలుతురు పట్టి చూడండి. లోపల మెలితిరిగిన గాడులుంటాయి, వాటి అంచులు పదునుగా కనపడాలి. నల్లటి గుంతలు, తినేసినట్టు మచ్చలు ఉన్నాయంటే పాతకాలపు తూటాల్లోని ఉప్పు లక్షణం గల మందు కాల్చి, వెంటనే కడగకుండా వదిలేశారన్నమాట. అప్పటి షికారీలు కాల్చినరోజే గొట్టంలో వేడినీళ్ళు పోసి కడిగేవారు, ఆ ఓపిక లేని యజమాని గొట్టం పదేళ్ళలో చెడుతుంది. మన వానాకాలపు తేమ మిగతా పని పూర్తి చేస్తుంది. గొట్టం పొడవునా వేళ్ళతో తడుముతూ పోండి. ఎక్కడైనా ఉబ్బు తగిలితే లోపల అడ్డు ఉండగా ఎవరో కాల్చారని అర్థం, ఆ రైఫిలు ఇక ఎవరూ కాల్చకూడదు. మూతి దగ్గర అంచు దెబ్బతింటే గురి పోతుంది. కొయ్య మీద చేతిపట్టు దగ్గర సన్నని చీలిక ఉంటే పాలిష్ కింద దాస్తారు, గోరుతో గీస్తే తెలుస్తుంది. బోల్టు మూశాక తూటా మడమకు, బోల్టు ముఖానికి మధ్య ఎంత సందు ఉందో గేజి పెట్టి కొలవాలి. అది మన కంటితో అయ్యేది కాదు, తుపాకులు బాగుచేసే మేస్త్రీ చూడాల్సిందే. ఆ కూలికి వెనకాడకండి, ఆ సందు ఎక్కువైతే పేలుడు వెనక్కి, అంటే మీ ముఖం మీదికి వస్తుంది.

12 బోరు పాత జోడు గొట్టాల తుపాకి చూస్తే ఇంకో జాగ్రత్త. గొట్టం మీద నీటి అలల్లా గీతలు అందంగా కనిపిస్తే అది డమాస్కస్ గొట్టం, ఇనుప పట్టీలు మెలేసి అతికించి చేసినది. నల్లమందు కాలం నాటిది. నేటి తూటా దానిలో పెడితే గొట్టం విచ్చుకుపోవచ్చు. చూసి ఆనందించడానికే గానీ కాల్చడానికి కాదు.

నచ్చిందనుకోండి, డబ్బిచ్చి చంకన పెట్టుకుని రావడం కుదరదు. ఒక వ్యక్తి మరో వ్యక్తికి నేరుగా అమ్మాలంటే అమ్మేవాడు కొనేవాడి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీసు స్టేషనుకు గానీ రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ తర్వాత 45 రోజులు గడవాలి. అప్పుడే ఆయుధం చేతులు మారుతుంది. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర కొంటే నాలుగు రూపాయలు ఎక్కువవుతాయి గానీ, రిజిస్టరులో రాతకోతలు ఆయన చూసుకుంటాడు. లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకుంటే 2019 తర్వాత కనీస శిక్షే 2 ఏళ్ళు. పెళ్ళి బరాత్‌లో సరదాకు గాల్లోకి కాల్చినా 2 ఏళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అమెరికాలో ఉన్న మన పిల్లల మాట కూడా చెప్పాలి. డాలస్‌లో పాత రైఫిలు మన దగ్గర పాత ఫోను దొరికినంత సులువుగా దొరుకుతుంది నిజమే. కానీ హెచ్1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి తుపాకి ఉండకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. ఇక్కడ వేట అన్నమాట రాస్తే తుపాకి రాదు, అక్కడ వేట లైసెన్సు ఉంటే తుపాకి! అక్కడి షూటింగ్ రేంజికి వెళ్ళి, జేబులో మర్చిపోయిన ఒక్క తూటాతో శంషాబాద్ విమానాశ్రయంలో పట్టుబడి కేసులపాలైన ప్రయాణికులున్నారు. తెలియకుండా వచ్చిందని కోర్టులు నమ్మి కొట్టేసిన కేసులు ఉన్నాయి, కానీ అప్పటిదాకా తిరిగేది మీరే.

నిజంగా గురి మీద, ఆ నిశ్శబ్దమైన ఏకాగ్రత మీద ఇష్టం ఉన్నవారికి మణికొండ నుంచి గచ్చిబౌలి ఎంత దూరం? 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన షూటింగ్ రేంజి అక్కడుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాదీయే, ఆయనకు పతకం తెచ్చింది ఎయిర్ రైఫిలు. 2024 పారిస్‌కు వెళ్ళిన ఈషా సింగ్ ఇక్కడి అమ్మాయే. 0.177 బోరు మించని, 20 జౌళ్ళ శక్తి దాటని ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా కొనదగిన రైఫిలు ఏదని నన్నడిగితే నేను చెప్పే పేరు అదే. దానితో పావురాన్ని కొట్టకూడదని మాత్రం పిల్లలకు ముందే చెప్పండి.

ఇక చివరి రకం సెకండ్ హ్యాండ్ తుపాకి ఒకటి మిగిలింది. ఎవరూ కొననిది, దానంతట అదే ఇంటికి వచ్చేది: తాతదో, నాన్నదో. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల్లో ఇలాంటివి చాలా ఉండేవి. అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చి లైసెన్సు తుపాకులు ఎత్తుకుపోతున్న రోజుల్లో పోలీసులు చాలా వాటిని స్టేషన్లలో జమ చేయించారు. కొన్ని ఇప్పటికీ కుటుంబాల పేరున ఉన్నాయి. వీటికి చట్టంలో సులువైన దారి ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్ళు ఉన్నా, ఈ రెంటిలో ఏది ముందైతే అప్పుడు, తాను ఎంచుకున్న వారసుడికి అది బదిలీ అయ్యేలా దరఖాస్తు చేయించవచ్చు. నాన్న బతికి ఉండగానే, ఆయన సంతకం పెట్టగలిగినప్పుడే ఆ పని కానివ్వండి. అలా కాకుండా ఆయన పోయాక అటక మీద గోనెసంచిలో తుపాకి కనిపిస్తే దాన్ని కారు డిక్కీలో వేసుకుని మణికొండకు తేకండి. ఆ ఊరి పోలీసు స్టేషనుకో, లైసెన్సు ఉన్న డీలరుకో ఫోను చేసి, అక్కడ జమ చేసి, రసీదు తీసుకోండి. వారసులుగా దాన్ని లైసెన్సుతో వెనక్కి తీసుకోవడమో, అర్హత ఉన్నవారికి అమ్మి డబ్బు తీసుకోవడమో మీ ఇష్టం. దానికి గడువు ఉంది, ఆ లోపల ఏదీ చేయకపోతే తుపాకి ప్రభుత్వం పాలవుతుంది.